నీళ్ళ కింద మైదానం

మా ఇంట్లో ఆయన్ని గోలీగారు అనేవాళ్ళం. అసలు పేరు ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మొన్న వేసవి మొదట్లో ఒక ఉదయం కొల్లేటి లంక నుంచి చేపలు తెచ్చి అమ్మే మరియమ్మ మా గుమ్మంలో తట్ట దించి, ఎప్పటిలా బేరానికి దిగకుండా నిలబడిపోయిందట. "ఏం మరియమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని మా ఆవిడ అడిగితే, "మీ గోలీగారు పోయేరండి అమ్మగారూ. ఆదివారం మా లంకలోనే సమాధి చేసేరండి" అంది. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. మాట చెవిన పడగానే ముందు దుఃఖం రాలేదు. భయం వేసింది. దేనికి భయమో తెలియక, సగం గీసిన గడ్డంతోనే కుర్చీలో కూలబడ్డాను.

ఫుట్‌బాల్ గోల్‌కీపరు అంటే తాటిచెట్టంత మనిషిని ఊహించుకుంటాం. ఈయన పొట్టి. చేతులు మాత్రం మోకాళ్ళ దాకా ఉండేవి. ఎక్కడ నిలబడ్డా కుడిచెయ్యి వెనక్కి చాపి, నిలువుగా ఉన్నదేదైనా సరే తాకుతూ ఉండేవారు. వరండా స్తంభం, మా ఇంటి ద్వారబంధం, స్టేషన్లో దీపం కమ్మీ, ఏదైనా ఒకటే. తాకడానికి ఏమీ లేనిచోట ఆ చెయ్యి కాసేపు గాలిలో వెతుక్కుని, దొరక్క, నడుం మీదకి వచ్చి ఆగేది. నేను మొదట అదేదో వాతం నొప్పి అనుకున్నాను. ఒకసారి తైలం సీసా కూడా తెచ్చి ఇచ్చాను. ఆయన వద్దనలేదు. బుద్ధిగా తీసుకెళ్ళారు.

ఆయన్ని మొదటిసారి చూసింది ప్లీడరుగారి వరండాలో. కృష్ణా జిల్లాని రెండు ముక్కలు చేసి మా ఏలూరుని కొత్త పశ్చిమ గోదావరికి ముఖ్యపట్నం చేసి అప్పటికి కొన్నేళ్ళే. కొత్త జిల్లాకి కచేరీలు వచ్చాయి, కలెక్టరు వచ్చాడు, ఇక ఫుట్‌బాల్ లీగొకటి ఉండాలని నలుగురు పెద్దమనుషులకి బుద్ధి పుట్టింది. ప్లీడరుగారు ప్రెసిడెంటు. ఒక స్కూలు డ్రిల్లు మేష్టారు సెక్రటరీ. క్రైస్తవ బడిలో లెక్కలు చెప్పే నన్ను జాయింటు సెక్రటరీ అన్నారు. అంటే ఉత్తరాలు రాయడం, బంతికి గాలి కొట్టించడం, మీటింగులో అందరికీ కుర్చీలు వేసి నేను చివర బల్ల మీద కూర్చోవడం. ఆ బల్ల దొరికినందుకే నేను పొంగిపోయాను. మా నాన్న ఉంగుటూరు పక్కన చిన్న మిషను బడిలో పంతులు. మా తాత పాలేరు. ప్లీడరుగారి వరండాలో బల్ల మీద కూర్చోవడం మా ఇంటా వంటా లేని సంగతి. ఈ ముక్క ఇప్పుడే చెప్పడం మంచిది. తరవాత నేను చేసిన పనికి మూలం ఆ బల్లే.

మొదటి ఏడు లీగు ముగిసింది. గెలిచిన జట్టు పేరు, ఎదురుగా దాని కెప్టెన్ పేరు రాసి ఒక బోర్డు పెట్టాలనీ, ఏటా కింద ఒక్కో వరస చేర్చుకుంటూ పోవాలనీ తీర్మానం రాస్తున్నాను. అప్పుడు మెట్ల దగ్గర స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డ మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ, ఆ బోర్డు మీద పైన మూడు వరసలు మాయి రాయాలండి."

"మావంటే ఎవరివయ్యా?" అన్నారు ప్లీడరుగారు.

"కొల్లేట్లో లంక జట్టండి. వరసగా మూడేళ్ళు గెలిచేవండి. మీరు లీగు పెట్టకముందండి."

డ్రిల్లు మేష్టారు పెద్దగా నవ్వారు. ప్లీడరుగారు నవ్వలేదు కానీ, కోర్టులో సాక్షిని చూసినట్టు కళ్ళజోడు దించి చూశారు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ మాట. లీగే లేనప్పుడు లీగు గెలిచేదేమిటయ్యా?"

"లీగు లేదండి. ఆట ఉందండి."

"ఆట ఉంటే ఉండచ్చు. సంఘం పుట్టకముందు సంగతులు సంఘానికెలా అంటుతాయి?"

"జిల్లా కూడా మొన్నేకదండీ పుట్టింది" అన్నాడాయన, మెత్తగానే. "అంతకుముందు ఏలూరు లేదాండీ?"

ఎవరెవరు ఆడేవారని నేను అడిగాను. ఎండలకి కొల్లేరు తగ్గి నేల బయటపడగానే చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ జట్లు వచ్చేవనీ, ఆ ఎండిన నేల మీదే ఆడేవారనీ, గెలిచిన ఊరిని ఆ ఏటికి కొల్లేటి జట్టు అనేవారనీ చెప్పాడు. "ఆకివీడు పక్కనించి వొచ్చేవోరండి, కైకలూరు పక్కనించి వొచ్చేవోరండి. ఒక ఏడు మీ ఏలూరోళ్ళు కూడా వొచ్చేరండి. ఓడిపోయేరండి." అని డ్రిల్లు మేష్టారి వైపు చూశాడు. మేష్టారు గోడ మీద బల్లిని పరిశీలించడంలో పడిపోయారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో ఆరోజు కళ్ళారా చూశాను.

అడగకుండానే ఆయన పేర్లు అందుకున్నాడు. ఎవరి చోటు ఎక్కడో చెబుతూ, వెనకనించి ముందుకి, తడబాటు లేకుండా. రైటు బ్యాకు ఇస్సాకండి. లెఫ్టు బ్యాకు యాకోబండి. రైటు హాఫు పెద్ద దావీదండి. అలా పదిమంది. ప్రార్థన చెప్పేటప్పుడు మావాళ్ళ గొంతు ఎలా మారుతుందో నాకు తెలుసు. ఆయన గొంతు అలా మారింది. పదకొండో పేరు, అంటే గోల్లో నిలబడ్డ తన పేరు, చెప్పలేదు.

విచారించి నివేదిక ఇవ్వమని ప్లీడరుగారు నాకు పురమాయించారు. "తొందరేం లేదు. కాస్త సానుభూతిగానే రాయండి. కానీ రేపు ప్రతి ఊరివాడూ మా తాత గెలిచాడంటూ వస్తే ఏం చేస్తామో అది కూడా చూసుకోండి" అన్నారు. ఏం రాయాలో చెప్పకుండానే చెప్పడం ప్లీడర్లకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ తరవాత ఆయన మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఏలూరులో ఆట ఉన్న ప్రతి వారమూ లంక నుంచి బయల్దేరి, దోనె మీద కొంత, కాలినడకన కొంత వచ్చేవారు. ఆటస్థలంలో ఏనాడూ మైదానాన్ని అడ్డంగా దాటలేదు. ఎంత చుట్టైనా గీత వెంబడే తిరిగి వెళ్ళి, గోలు వెనకాల నిలబడి, స్తంభం మీద చెయ్యి వేసేవారు. ఎవరి జట్టు గోలైనా సరే. మా కుర్రాళ్ళకి మొదట్లో చిరాకు. పోనుపోను ఆయన లేకపోతే వాళ్ళ గోల్‌కీపరుకి కాలు నిలిచేది కాదు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులా అందుకుని, గ్లాసు గుమ్మం పక్కన పెట్టేవారు. మాటలయ్యాక అది అలాగే ఉండేది. "మన నీళ్ళు తాగరేమండీ ఆయన? మనమూ వాళ్ళూ ఒక్కటే కదా" అని మా ఆవిడ నొచ్చుకునేది. పట్నం క్రైస్తవులం కదా, మేం ఎక్కువ చేస్తున్నామని ఆయనకి కోపమేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే మేం కొంచెం ఎక్కువ చేసేవాళ్ళమే. ప్లీడరుగారు వీధిలో కనిపిస్తే నేను గోలీగారికి రెండడుగుల ఎడంగా నడిచేవాడిని.

కార్తీకంలో విచారణకి వెళ్ళాను. ఆ నెలలో వెళ్ళడమే తప్పు. వేసవి దాకా ఆగాల్సింది. ప్లీడరుగారు అడుగుతున్నారన్న తొందర నాది. నేనొస్తానంటే చాలన్న సంబరం ఆయనది. బండి దిగేసరికి గట్టు కింద తాటిదోనె సిద్ధంగా ఉంది. పొడుగాటి వెదురు గెడ వేస్తూ ఆయన నన్ను లోపలికి తీసుకుపోయారు. ఎటు చూసినా నీళ్ళు. అక్కడక్కడ తుంగ, దూరంగా లంక మీద గుడిసెలు, గుంపులు గుంపులుగా గూడబాతులు. ఉన్నట్టుండి ఒకచోట దోనె ఆపారు.

"వొచ్చేవండి. ఇదేనండి మా గ్రౌండు."

నాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన గెడ దించి అడుగు తాకించారు. నా నడుం లోతు. అక్కణ్ణించి దోనెని తిన్నగా తోసి, కొంతదూరం పోయాక మూలమట్టంగా మలుపు తిప్పారు. మళ్ళీ తిన్నగా, మళ్ళీ మలుపు. అప్పటికి నాకు అర్థమైంది. ఆయన నన్ను మైదానం చుట్టూ గీత వెంబడి తిప్పుతున్నారు. అడ్డంగా పోతే రెండు నిమిషాల పని. నీళ్ళ మీద కూడా ఆయన అడ్డంగా పోలేదు.

"ఇది కార్నరండి. ఇక్కణ్ణించి నతానియేలు కొడితే బంతి వొంకర తిరిగి వొచ్చేదండి. అదిగోనండి గోలు." అన్నిచోట్లా ఒకేలా ఉన్న నీళ్ళ వంక ఆయన చూపిస్తూ పోయారు. నేను తల ఊపుతూ పోయాను. కాసేపటికి నాకూ ఏవో గీతలు కనబడుతున్నట్టే అనిపించింది.

గోలు దగ్గర దోనె నిలిపి వాళ్ళ ఆట పద్ధతి చెప్పారు. గోలుకి స్తంభాలు ఉండవు. ఏ ఊరి జట్టు ఆ ఊరి పడవ గెడలు రెండు తెచ్చి పాతుకోవాలి. ఆఖరి ఆట అయ్యాక గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ గెడలు పీక్కుని పట్టుకుపోతారు. అదే కప్పు, అదే షీల్డు. గెడలు పోయిన జట్టు దారిపొడుగునా చేతులతో నీళ్ళు తోసుకుంటూ ఇంటికి పోవాలి. ఒడ్డున ఆడవాళ్ళు చూసి నవ్వుతారు. అందుకని ఒక నియమం ఉండేది. ఆట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా గోలీ గెడ వదలకూడదు. సగం ఆటకి విరామం ఇచ్చినా సరే. అతను కదిలితే అవతలివాళ్ళు గెడలు జరుపుతారు, లేదా ఎత్తుకుపోతారు.

"మూడో ఏడు ఆఖరి ఆటండి. ఎండ మండిపోతందండి. సగంలో మావోళ్ళు పదిమందీ అదిగో ఆ మూలకెల్లి నీళ్ళు తాగేరండి. అక్కడ చెలమ తవ్వి కడవతో ముంచి ఉంచేరండి. నేను గెడ దగ్గరే ఉన్నానండి. ఒక గ్లాసుడు నాకు పట్రండ్రా అని కేకేసేనండి. ఇనపడలేదో, మర్చిపోయేరో అండి. ఆట అయ్యేక ఎల్లి చూస్తే కడవ ఖాళీ అండి."

గెడ మీద ఆయన చెయ్యి బిగుసుకోవడం చూశాను.

"గెలిచేవండి. ఆళ్ళ గెడలు పీకి దోనెలో ఏసుకుని మావోళ్ళు పాటలు పాడతన్నారండి. నేను పాడలేదండి. నాకు నీళ్ళుంచలేదని అలిగేనండి మేస్టారండి. ఇల్లు చేరేదాకా ఒక్కడితోనూ మాటాడలేదండి. జోజి నా ఈపు మీద చెయ్యేస్తే ఇసిరికొట్టేనండి."

రెండోరోజుకి కలరా తగిలింది. పదిమందికీ. పదిరోజుల్లో ఎనిమిదిమంది పోయారు. లేచి తిరిగిన ఇద్దరూ ఆ ఊళ్ళో ఉండలేక రంగూను పోయారు. మళ్ళీ కబురు లేదు. కడవలో నీళ్ళు దొరకని ఈయనొక్కడూ మిగిలాడు.

మా గుమ్మం పక్కన మిగిలిపోయే గ్లాసు నాకు గుర్తొచ్చింది. ఆయన దోనె మధ్యలో నిలబడి మళ్ళీ పేర్లు మొదలుపెట్టారు. రైటు బ్యాకు ఇస్సాకండి. లెఫ్టు బ్యాకు యాకోబండి. నీళ్ళకేసి తిరిగి, ఒక్కొక్కరి చోటు చూపిస్తూ చెప్పారు. ఒక్కో పేరు తరవాత రవ్వంత ఆగేవారు, అవతలివాడు పలుకుతాడేమో అన్నట్టు. ఆ ఆగడం నేను ఇవాళ్టికీ మరవలేను. బడిలో హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా పలకడం ఆలస్యమైతే ఇప్పటికీ నా గుండె ఆగుతుంది.

లంకలో గెడలు చూపించారు. ప్రార్థన చేసుకునే పాకలో, గోడవార, మూడేళ్ళవి ఆరు గెడలు. వాటిలో రెండు మా ఏలూరువి. డ్రిల్లు మేష్టారి జట్టువి. నేను వాటిని తాకి చూశాను. కంటికెదురుగా ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంటికొచ్చి నివేదిక రాశాను. ఎలా రాశానంటే, ప్రతి వాక్యమూ నిజం. 'స్వయంగా వెళ్ళి పరిశీలించితిని. మైదానము కనబడలేదు. వ్రాతపూర్వకమైన ఆధారములు లేవు. కొన్ని గెడలు చూపబడినవి.' అంతే. కలరా రాయలేదు, అది విచారణకి సంబంధం లేదనుకున్నాను. గెడలు ఎవరివో రాయలేదు, డ్రిల్లు మేష్టారి పక్కనే నేను కూర్చోవాలి కనక. పేర్లు రాయలేదు. ప్లీడరుగారు చదివి, "బాగా రాశారు. క్లుప్తంగా ఉంది" అన్నారు. ఆ మెప్పుకి ఆరోజు సాయంత్రం దాకా నాకు కడుపు నిండినట్టే ఉంది. గోలీగారి కోరిక తోసిపుచ్చుతూ తీర్మానం నా చేత్తోనే రాశాను.

ఆ సంగతి గోలీగారికి నేనే చెప్పవలసి వచ్చింది. ద్వారబంధం మీద చెయ్యి ఆనించి విన్నారు. నివేదికలో మైదానం గురించిన వాక్యం చదివి వినిపించమన్నారు. చదివాను.

"నిజమేనండి" అన్నారు. "నీళ్ళున్నాయి కదండీ. ఎలా కనపడద్దండీ."

తిట్టి ఉంటే బాగుండేది. పై వారం ఆటకి ఎప్పటిలా వచ్చారు. మా ఇంటికీ వచ్చారు. మా పిల్లకి తామరకాయలు తెచ్చారు. ఎప్పటిలా పేర్లు చెప్పారు. ఈసారి ఎక్కడో ఒకచోట రాయించండి అని అడగలేదు, ఊరికే చెప్పారు. నేను తల ఊపాను. ఆరోజు నుంచి నీళ్ళు నిలిచిన చేలు చూడాలంటే నాకు భయం. తాడేపల్లిగూడెం వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, ఊడ్పులకి ముందు నీళ్ళు పెట్టిన మడులు వరసగా వస్తాయి. ప్రతి మడిలోనూ పదిమంది మోకాలు ముణిగేలా నిలబడి, పిలుపు కోసం చూస్తున్నట్టే ఉంటుంది. కిటికీ తలుపు దించేసేవాడిని. తోటి ప్రయాణికులు ఎండకేమో అనుకునేవారు.

నాలుగైదేళ్ళు గడిచాయి. డ్రిల్లు మేష్టారు రిటైరై దెందులూరు వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలోకి నేను వచ్చాను. అప్పుడు తాడేపల్లిగూడెం వాళ్ళు లేచారు. లీగు పుట్టకముందు రెండేళ్ళు గూడెంలో పోటీలు జరిగాయి, అవి రెండూ వాళ్ళే గెలిచారు. ఆ రెండేళ్ళూ బోర్డు మీదికి ఎక్కించకపోతే లీగులోంచి పోతామన్నారు. గూడెం పోతే లీగు లేదు. ఎందుకంటే బాగా ఆడేది వాళ్ళే. ప్లీడరుగారు గొంతు సవరించుకుని, "ఆటకి సంఘం పుట్టింది గానీ సంఘానికి ఆట పుట్టిందా?" అన్నారు. లంక మనిషి అయిదేళ్ళ కిందట మెట్ల మీద నిలబడి చెప్పిన మాట అదే. చెప్పిన నోరు మారేసరికి అది న్యాయమైపోయింది. లీగుకి ముందు గెలిచినవాళ్ళందరినీ గుర్తించాలని తీర్మానం పాసయింది. నేను అదను చూసి లంక జట్టు మూడేళ్ళూ అందులో చేర్చాను. కాదనే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆదివారం ఆటలో గోలు వెనకాల ఆయన పక్కకి వెళ్ళి చెప్పాను. ఆయన చెయ్యి స్తంభం మీద నుంచి జారింది. రెండు చేతులూ ముందుకొచ్చి జోడించుకోవడం నేను చూసింది అదొక్కసారే. కళ్ళు తుడుచుకుని, "ఏవేం రాస్తారండీ?" అన్నారు.

"జట్టు పేరు. ఎదురుగా కెప్టెన్ పేరు. కెప్టెన్ మీరే కదా గోలీగారూ. మూడు వరసల్లోనూ మీ పేరే."

ఆయన మొహం మారిపోయింది. "అయితే వొద్దండి."

"వద్దంటారేమిటండీ! ఇన్నేళ్ళ నుంచీ..."

"ఆడింది పదకొండుమందండి. పోయినోళ్ళు పోయేరు. నీళ్ళుంచలేదని అలిగినోడి పేరు మూడుమాట్లు రాస్తారాండీ? నా పేరు ఒక్కటే ఎక్కడా రాయొద్దండి మేస్టారండి. రాస్తే ఆ పదీ రాయండి. నాది లేకపోయినా పరవాలేదండి."

బోర్డు చిన్నదనీ, అందరికీ ఒక్క కెప్టెన్ పేరే రాస్తున్నారనీ నసిగాను. అప్పుడాయన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

"ఇస్సాక్కి తల్లుందండి. యాకోబుకి పెళ్ళాం పిల్లలున్నారండి. జోజి పేరు ఆడి చెల్లెలు కొడుక్కి పెట్టుకుందండి. ఆళ్ళని తలుచుకునేవోళ్ళున్నారండి. మా లెఫ్టు హాఫు ఉన్నాడు చూసేరండీ, ఆయన మావోడు కాదండి. నెల్లూరు పక్కనించి బాతులు తోలుకుంటా వొచ్చేడండి. నలభయ్యేళ్ళుంటాయండి, మా అందరికన్నా పెద్ద. దొడ్డికాళ్ళండి, కానీ ఆ కాళ్ళని దాటి బంతి పోయేది కాదండి. మూడేళ్ళు మా ఆట కోసరవే ఎండల్లో ఇక్కడ ఆగిపోయేవోడండి. కలరాలో పోయేడండి. ఆయన బాతులు ఎటుపోయినియ్యో కూడా తెలవదండి. ఊరేదో తెలవదు, అయినోళ్ళెవరో తెలవదండి. ఆ పేరు నా నోట్లో తప్ప ఇంకెక్కడా లేదండి. నేను పోతే ఆయన ఇంకోసారి పోతాడండి."

అని ఆ పేరు చెప్పారు. "రాసుకోండి మేస్టారండి" అన్నారు.

జేబులో పెన్సిలుంది. స్కోరు రాసే కాగితం చేతిలోనే ఉంది. "నాకు పదీ కంఠతా వచ్చండీ గోలీగారూ. ఇన్నేళ్ళనించి వింటున్నాను కదా" అన్నాను. ఆయన మొహంలో వెలుగు చూసి, రాసుకోవడం కన్నా ఆ మాటే గొప్పగా ఉందనిపించింది. ఆ సంతోషం ఆయనకి కలిగించాననే అనుకున్నాను.

పదిమంది పేర్లూ రాయించడానికి కమిటీని ఒప్పించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. పెద్ద బోర్డు కావాలన్నారు. ఒక జట్టుకి రాస్తే అందరికీ రాయాలన్నారు. చివరికి నేను రాజీనామా ఇస్తానన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు. జన్మలో నేను చేసిన ఒకే ఒక ధైర్యం అది. ఆ మాట ఆయనకి చెప్పాలని ఆదివారం కోసం చూస్తున్నాను. ఆ ఆదివారం ఆయన రాలేదు. తరవాతి వారంలో మరియమ్మ మా గుమ్మంలో తట్ట దించింది.

మూడోరోజు పెయింటరుని పిలిపించాను. ప్లీడరుగారి వరండాలో బోర్డు దించి గోడకి ఆనించాం. అతను చాక్‌పీసుతో గీతలు కొట్టుకుని, కుంచె ముంచి, "చెప్పండి మేస్టారూ" అన్నాడు.

"ఇస్సాకు" అన్నాను. రాశాడు. "యాకోబు. పెద్ద దావీదు. ఏసుపాదం."

రాసి, తల తిప్పకుండా, "ఆ తరవాతండీ?" అన్నాడు.

నోరు తెరిచాను. రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చాను. ఇస్సాకు, యాకోబు, పెద్ద దావీదు, ఏసుపాదం. అక్కడికి రాగానే ఆయన గొంతు వినిపిస్తోంది, లెఫ్టు హాఫు అన్న మాట వినిపిస్తోంది, ఆ పైన పెదాలు కదలడం కనిపిస్తోంది, శబ్దం లేదు. తక్కినవన్నీ బైబిలు పేర్లు, చిన్నప్పటి నుంచీ నా నోట నానినవి. పుల్లయ్య ఒక్కడూ మావాడు కాడు గానీ అదీ తెలిసిన పేరే. ఆ ఒక్కటే ఎక్కడిదో దూరప్రాంతపు పేరు. విన్న ప్రతిసారీ పక్క పేరు మీదికి దాటిపోయి ఉంటాను.

"రంగు ఆరిపోతోందండి" అన్నాడు పెయింటరు.

"కాస్త చోటు వదిలి తరవాతిది రాయి. చిన్న దావీదు. సమూయేలు. జోజి. పుల్లయ్య. నతానియేలు."

మర్నాడే లంకకి వెళ్ళాను. కొల్లేరు వెనక్కి తగ్గి ఉంది, చాలా దూరం నడిచే పోయాను. ఇస్సాకు తల్లిని అడిగాను. చూపు ఆనదు, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "బాతులాయనాండీ? ఎందుకు తెలవదండీ, మా అరుగు మీదే గంజి తాగేవోడు. నవ్వితే ముందు పన్ను ఉండేది కాదండి. పేరాండీ? బాతులాయన అనే పిలిచేవోళ్ళవండి. పేరు గోలీకే తెలుసండి." జోజి చెల్లెల్ని అడిగాను. మరియమ్మని అడిగాను. ప్రార్థన చేయించే అయ్యగారు పుస్తకం తీసి చూశారు. బాప్తిస్మం పొందినవాడు కాదు కనక అందులో లేడు. అతన్ని పూడ్చిన చోటు కూడా ఎవరూ నిక్కచ్చిగా చూపించలేకపోయారు. అటు ఎక్కడో అన్నారు.

గోలీగారి సమాధి మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. క్షమించమని అడుగుదామని నిలబడ్డాను. ఎవరి తరఫున అడగాలో తెలియక ఊరికే నిలబడి వచ్చేశాను. ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

బోర్డు ఇప్పుడు ప్లీడరుగారి వరండాలో అందరికీ కనబడేలా ఉంది. లంక జట్టు మూడేళ్ళూ ఉన్నాయి. గోలీగారి పేరు రాయించలేదు. ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకున్నాను. ఏసుపాదానికీ చిన్న దావీదుకీ మధ్య ఒక పేరు పట్టేంత ఖాళీ ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు అది పెయింటరు పొరపాటనుకుంటారు. పోనీ ఏదో ఒక పేరు రాయించెయ్యండి, ఎవరొచ్చి అడుగుతారు అని ప్లీడరుగారు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు.

బడికి వెళ్ళేటప్పుడు రోజూ అక్షరాలన్నీ వరసగా నోట్లో తిప్పి చూస్తుంటాను, ఏ అక్షరం దగ్గరైనా నాలిక ఆగుతుందేమోనని. ఆగదు. ఆ పేరు ఆయన నాకు తక్కువలో తక్కువ ఏభైసార్లు చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ నేను తల ఊపాను.